మూతపడని బొమ్మ

కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది. ఆకుల గుత్తిని మంచం తలాపు పలకతో కలిపి ఒకే ముద్ద చెయ్యమని తహానీ అడిగింది. అది కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, కలపడం కుదరలేదని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. ఎందుకు కుదరలేదో చెప్పదు. మొన్న ఇదే గుత్తి ఇలాంటి పలకతోనే కిక్కురుమనకుండా కలిసింది. ఇవాళ పలక కాస్త పొడుగయ్యేసరికి అలిగి కూర్చుంది.

"ఏం ఇంజనీరమ్మా, ఇవాళ కూడా మూతి ముడుచుకుందా నీ పెట్టె?" వెనక నుంచి బర్హామ్ గొంతు. "కాస్త మషబ్బక్ తెచ్చి తినిపించు. తీపి తగిల్తే మెత్తబడుద్ది."

"నీ పని నువ్వు చూస్కో ఉస్తా. మీట నొక్కడమే కదా నీ పని, ఏ మీటో మర్చిపోగలవు."

చుట్టూ నలుగురు నవ్వారు. బర్హామ్ నవ్వలేదు. ఆయన్ని తహానీ మొదటి ఏడాది మీరు అనేది. ఆ గౌరవం ఎప్పుడు ఊడిపోయిందో ఇద్దరికీ గుర్తులేదు.

తహానీకి నలభై దాటాయి. దుమ్యాత్‌లో హాజీ బదీర్ గారి మంచాల కార్ఖానాలో నగిషీ బొమ్మలు కంప్యూటర్ మీద గీసేది ఆమే. కార్ఖానాలున్న ఆ సందులోకి ఆడవాళ్ళు పాలిష్ పట్టడానికి వస్తారు, పెళ్ళికూతుళ్ళ తల్లులు బేరాలాడటానికి వస్తారు. కుర్చీ వేసుకు కూర్చుని మగవాళ్ళు ఏం చెక్కాలో చెప్పేది మాత్రం ఆమె ఒక్కతే. ఆ కుర్చీ కోసం మొగుణ్ణి వదులుకుందని సందంతా చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. మందుల షాపు నడిపే ఆ మొగుడు కుర్చీ కావాలా నేను కావాలా అని అడిగాడు. జవాబు చెప్పడానికి ఆమె ఒక పూట కూడా తీసుకోలేదు.

కుర్చీ రాకముందు అక్కడ నగిషీ అంటే బర్హామే. ఆయన ఉలి పట్టుకుంటే చెక్క మీద ఆకు లేచి నిలబడుతుందని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఎవరూ అనకపోతే ఆయనే అంటాడు. చెక్కే మెషీన్ వచ్చిన రోజున హాజీ బదీర్‌కి ఆయన్ని పొమ్మనడానికి నోరు రాలేదు. పలక బిగించడం, చెక్కే ములుకు, అంటే బిట్టు, మార్చడం, మెషీన్ చెక్కింది ఉలితో కాస్త శుభ్రం చెయ్యడం అప్పజెప్పాడు. దానికి 'మెషీన్ ఉస్తా', అంటే మెషీన్ మేస్త్రి, అని ఒక పేరు కూడా పెట్టాడు. బర్హామ్ ఆ పేరుని మింగలేదు, కక్కలేదు. కోపమంతా తెచ్చి తహానీ మీద పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆమె కిటికీ తెరిస్తే ఆయన మూసేవాడు, ఆయన రేడియో పెడితే ఆమె తీగ పీకేసేది. ఇద్దరూ ఒకే టీ కుర్రాడి దగ్గర తాగరు.

ఆ పొద్దున తహానీకి తగువులాడే తీరిక లేదు. పలక దియస్తీ గారి కూతురి పెళ్ళి మంచానిది. దియస్తీ అంటే పడవలున్న మనిషి, నోరున్న మనిషి. పెళ్ళి సామాను ఊరేగింపు వచ్చే గురువారం. అందుకని ఆమె, ఈమధ్య కొన్ని నెలలుగా ఏం చేస్తోందో అదే చేసింది. గుత్తిని వెంట్రుకవాసి పక్కకి జరిపి మళ్ళీ అడిగింది. కుదరలేదంది. పైకి జరిపింది. కుదరలేదంది. అప్పుడిక సెట్టింగుల్లోకి వెళ్ళి, అంచుల మధ్య ఎంత సందుని చూసీ చూడనట్టు వదిలెయ్యాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే అంకె ఒకటుంటుంది, దాన్ని వదులు చేసింది. చాలక మరింత వదులు చేసింది. మళ్ళీ నొక్కితే గుత్తీ పలకా మర్యాదగా కలిసిపోయాయి.

అది బాగుచెయ్యడం కాదని, నోరు మూయించడమని ఆమెకి తెలుసు. బొమ్మ నిజంగా అన్ని వైపులా మూతపడిందో లేదో అడిగే ఆజ్ఞ ఒకటుంది. ఒక గుక్క టీ మింగేలోపు జవాబు చెబుతుంది. ఆ జవాబు ఆమెకి అక్కర్లేదు. మెషీన్‌కి పంపేసింది.

మధ్యాహ్నం నమాజు దాటాక మెషీన్ గదిలోంచి చెక్క చీలిన చప్పుడు వచ్చింది. పరిగెత్తి వెళ్ళేసరికి బర్హామ్ మెషీన్ ఆపే ఎర్ర మీట నొక్కి నిలబడి ఉన్నాడు. ఆకుల మీద పైపైన నడవాల్సిన బిట్టు, ఎడమ చివర తీగ మెలిక కింద ఉన్నట్టుండి లోపలికి దిగిపోయింది. అక్కణ్ణుంచి నిలువునా గాటు పెట్టుకుంటూ పోయింది. పలక ఇక పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

"చూశారా హాజీ!" బర్హామ్ అరిచాడు. "బొమ్మలో బొక్కుంది. నేనెప్పట్నుంచో మొత్తుకుంటున్నా, ఈవిడ గీసే బొమ్మల్లో పస లేదని."

"పలక వంకరగా బిగించి బొమ్మ మీద పడతావేం? ముసలి చేతులు వణికితే ఇంట్లో కూర్చో."

"ఎవరి చేతులే వణికేది? నువ్వు పుట్టకముందు ఈ చేతుల్తో..."

"అప్పుడు చెక్కావు, ఎవరు కాదన్నారు? ఇప్పుడు మీట నొక్కుతున్నావు. అదీ చేతకాలేదు."

హాజీ బదీర్ మంచివాడు. అంటే, ఎవరికీ ఏమీ చెప్పలేని మనిషి. ఇద్దరి మధ్యా నిలబడి చేతులు పిసుక్కున్నాడు. సాయంత్రానికి దియస్తీ వచ్చాడు. చీలిన పలక చూశాడు. సందంతా వినబడేలా తిట్టాడు.

"దీని ఖరీదు నాకొద్దు. నీ పరిహారం నాకొద్దు. పెళ్ళికి ముందు పెళ్ళికూతురి తలాపు చీలిందంటే మా వియ్యంకులు ఏమనుకుంటారు? ఎవరి చెయ్యి చేసిందో నాకది చెప్పు. ఆ చెయ్యి ఇంకో పెళ్ళి మంచం మీద పడకూడదు. పంచాయితీ పెట్టు. పెట్టలేదో, ఈ సందులో మా వాళ్ళెవరూ మళ్ళీ అడుగు పెట్టరు."

అలా పంచాయితీ ఖాయమైంది. దుమ్యాత్ చెక్కపనివాళ్ళు కోర్టు గడప తొక్కరు. పెద్దమనిషిని కూర్చోబెడతారు, తీర్పు ఏదైనా సరేనని ముందే ఫాతిహా ప్రార్థన చదివి మాటిస్తారు. తర్వాత ఆ మాట కాదన్నవాడికి ఊళ్ళో చెక్క ముక్క దొరకదు. పెద్దగా కలప వర్తకుడు గోహరీని పిలిచారు. దియస్తీ కోరిందే షరతు అయింది. తప్పు చేసిన చెయ్యి ఈ ఊళ్ళో ఏ కార్ఖానాలోనూ మళ్ళీ పనిలో పడకూడదు. బర్హామ్ వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకున్నాక తహానీ వెనక్కి తగ్గలేకపోయింది. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత కూర్చుందామన్నారు.

శుక్రవారం పొద్దున కార్ఖానాకి సెలవు. తహానీ హాజీ దగ్గర తాళంచెవి తీసుకుని ఒంటరిగా వచ్చింది. ఆ కుర్చీ పోతే ఆమెకి ఊళ్ళో ఇంకో కుర్చీ లేదు. అన్న ఇంట్లో ఓ మూల మంచం, వదిన చూపులు, అంతే మిగిలేవి. ఇన్నాళ్ళూ సాఫ్ట్‌వేర్‌ని తిట్టింది, వేడెక్కిందని తిట్టింది, పాతబడిందని తిట్టింది. ఆ పూట తిట్లు పక్కనపెట్టి మొదటిసారి శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టింది.

చీలిన పలక బొమ్మకి నకలు తీసింది. వదులు చేసిన అంకెని మళ్ళీ బిగించింది. బొమ్మని నిలువునా రెండు ముక్కలు చేసింది. కుడి ముక్కని ఎలా కోసినా కోయబడింది, దేనితో కలిపినా కలిసింది. ఎడమ ముక్క ఒకసారి కుదిరితే ఇంకోసారి కుదరలేదు. దాన్ని మళ్ళీ రెండు చేసింది. పై సగం మంచిది. కింది సగం చెడ్డది. అలా తరుక్కుంటూ పోగా అరచేతి వెడల్పు ముక్క మిగిలింది. కోత ఆ ముక్కలో మెలిక కిందుగా వెళితే ప్రతిసారీ చెడుతోంది. మెలిక తగలకుండా వెళితే ఒక్కసారి కూడా చెడటంలేదు. పెట్టె అలగడానికి ఇంతకాలం పద్ధతంటూ లేదనుకుంది. పద్ధతి ఉంది, తనే చూడలేదు.

అప్పుడు అడిగింది, దేనికీ అతుక్కోని అంచులు ఎక్కడున్నాయో చూపించమని. మెలిక నీడలో గులాబీరంగు గీత ఒకటి చిన్న చుట్టులా వెలిగింది. ఆ చుట్టు లోపలి తునకని మౌస్‌తో పట్టి లాగితే, కుండ మీద మూతలా లేచి వచ్చేసింది. కింద చీకటి. బొమ్మ నిజంగా ముద్దయితే దాని లోపలి భాగం ఎవరికీ కనబడకూడదు. కనబడిందంటే అది ఉత్త తొడుగు.

తను మొదట గీసిన బొమ్మలు తహానీ దగ్గర వేరే డిస్కులో ఉన్నాయి. తెచ్చి చూసింది. అందులో ఆ చోట గోరంత మొగ్గ ఉంది. మెలిక కింద తొడిమకి అంటుకుని, ముడుచుకున్న మొగ్గ. మెషీన్ దగ్గరి ఫైల్లో అది లేదు. ఎవరో బొమ్మని విడగొట్టి, మొగ్గ తీసేసి, ఆ కన్నం మీద చదును తునక ఒకటి కప్పారు. అతికించడం చేతకాలేదు. పైకి మూసినట్టే ఉంటుంది, ఇన్నాళ్ళూ తహానీ దాన్ని తొడిమ మొదలనే అనుకుంది.

లేచి వెళ్ళి, పాలిష్‌కి సిద్ధంగా గోడకి ఆనించిన మంచాల దగ్గర వంగింది. మెలిక కింద బొటనవేలు పెట్టి తడిమింది. మొగ్గ ఉంది. పక్క మంచానికీ ఉంది. ఒకటి కాస్త తల వంచింది, ఇంకోటి సగం విచ్చుకుంది, ఒకదానిలా ఒకటి లేదు. మెషీన్ అలా చెక్కదు. ఉలి చెక్కింది.

విషయం ఆమెకి అర్థమైంది. బర్హామ్ గురువు ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేదని ఆయన నోటే ఎన్నోసార్లు విన్నది. పలకంతా శిష్యులు చెక్కినా, ఒక్క మొగ్గ ఉస్తాద్ చేతికి వదిలిపెట్టాలి. ఆ మొగ్గ పడితేనే ఆ మంచం ఆ ఇంటిదవుతుంది. ఈ ముసలాడు మెషీన్‌ని శిష్యుడి కింద జమకట్టాడు! రెండు వేళ్ళతో నేర్చుకున్న కంప్యూటర్‌తో ఆమె బొమ్మలో చెయ్యి పెట్టి, తన మొగ్గకి చెక్క మిగుల్చుకున్నాడు. తహానీకి ఒళ్ళు మండింది, అంతలోనే పట్టలేని సంతోషం వచ్చింది. ఖాళీ కార్ఖానాలో పైకే అంది, "దొరికావురా ముసలోడా!"

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఫైలు మీద తారీఖు చూసింది. మొగ్గ తీసింది నిన్నా మొన్నా కాదు, పోయిన చలికాలం. ఆ కార్ఖానాలో కొత్త మంచం కోసం మొదటినుంచి గియ్యరు. మెషీన్ మీద ఒకసారి తప్పులేకుండా చెక్కిన ఫైలుకి 'గట్టెక్కింది' అని పేరు పెట్టి, దాన్నే సాగదీసి, కుదించి, గుత్తులు మార్చి వాడుకుంటారు. అది తహానీ పెట్టిన పద్ధతే. అంటే చలికాలం నుంచి ఆమె కన్నమున్న బొమ్మనే పిల్లలు పెట్టిస్తోంది. పాత మంచాల్లో సందు వెంట్రుకంత, బిట్టు దాటిపోయింది. దియస్తీ పలక కోసం బొమ్మని సాగదీస్తే సందు కూడా సాగింది. సాఫ్ట్‌వేర్ కుదరదు కుదరదని చెబుతూనే ఉంది. దాని నోరు మూయించి పంపింది తను. ఈసారి బర్హామ్ ఫైల్ని ముట్టుకోను కూడా లేదు. మొగ్గ అప్పటికే లేదు కాబట్టి ఆయనకి ముట్టుకునే అవసరమే రాలేదు.

కన్నం పెట్టిన చెయ్యి ఆయనది. కన్నం చూడకుండా పంపిన చెయ్యి ఆమెది. ఇందులో మొదటిది తెర మీద చూపించొచ్చు. రెండోది ఆమె నోరు తెరిచి చెబితే తప్ప అక్కడికి వచ్చే ఎవరికీ తెలియదు. తారీఖులు వెతకడం హాజీకి రాదు, గోహరీకి రాదు.

అసర్ అయ్యాక అందరూ వచ్చారు. బల్లలు గుండ్రంగా వేశారు. గోహరీ మధ్యలో, ఆయనకి కుడివైపు దియస్తీ, ఎడమవైపు హాజీ బదీర్. సందులోని మేస్త్రీలు గోడ వారన నిలబడ్డారు. టీ గ్లాసులు తెచ్చి పెట్టారు కానీ తీర్పు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. ఫాతిహా చదివారు. గోహరీ బర్హామ్ వంక తల ఊపాడు.

"నేను చెప్పేది చిన్నమాట బాబాయ్," అన్నాడు బర్హామ్. గోహరీ ఆయనకంటే పెద్ద. "నేను పలక తిన్నగా బిగించా. బిట్టు కొత్తది పెట్టా. మీట నొక్కా. ఈవిడే అంటది కదా, నా పని మీట నొక్కడమేనని! మరి మీట నొక్కేవాడి తప్పెట్టా అయిద్ది? మెషీను ఈవిడ బొమ్మ చెప్పినట్టు నడిచింది. బొమ్మలో బొక్కుంది, బొక్కలో పడింది."

గోడ వారన గుసగుసలు లేచాయి. "నిజమే కదా" అన్నాడెవరో.

"నిజమే," అంది తహానీ. కంప్యూటర్ తెరని అందరి వైపూ తిప్పింది. "బొమ్మలో బొక్కుంది. ఎక్కడుందో ఎవరు పెట్టారో చూపిస్తా, చూడండి బాబాయ్."

చూపించింది. గులాబీ చుట్టు వెలిగించింది, మూత లాగింది, లోపలి చీకటి చూపించింది. పక్కనే తన మొదటి బొమ్మ పెట్టి మొగ్గ చూపించింది. తర్వాత పాలిష్‌కి ఉన్న తలాపుల్లో ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టించి, గోహరీ వేలు పట్టుకుని మెలిక కింద ఆనించింది.

"ఇది మెషీన్ చెక్కింది కాదు. ఈ ఊళ్ళో ఇలా ఎవరు చెక్కుతారో నేను చెప్పక్కర్లేదు."

గోహరీ ఆ మొగ్గని చాలాసేపు తడిమాడు. తర్వాత బర్హామ్ కేసి చూశాడు. అందరూ అటే చూశారు. బర్హామ్ నీళ్ళు నములుతాడని తహానీ అనుకుంది. ఆ ముసలాడు లేచి నిలబడి రొమ్ము విరుచుకున్నాడు.

"తీశాను. ఏం? ఇప్పుడు ఈ గడప దాటే ప్రతి మంచానికీ ఒక మొగ్గ నాది. మా ఉస్తాద్ ఇంట్లో ఆఖరి మొగ్గ పడకుండా పలక బయటికి పోయేది కాదు. నేను బతికుండగా పోనిస్తానా? మీట నొక్కి ఇంటికి పోవడానికా నేను పుట్టింది?"

"నన్నడిగితే వదిలేదాన్ని కదా ఆ చోటు!" తహానీ అరిచేసింది.

"నిన్నడగాలా? నా మొగ్గ నేను చెక్కుకోడానికి నీ పర్మిషనా?" బర్హామ్ గోహరీ వైపు తిరిగాడు. "ఇంకోమాట వినండి బాబాయ్. నేను మొగ్గ తీసింది చలికాలంలో. ఈ పలక బొమ్మని నేను తాకలేదు, అల్లా సాక్షి. ఈవిడే ఆ పాతదాన్ని సాగదీసి పంపింది. నాకు కంప్యూటరు రెండు వేళ్ళే వచ్చు. ఈవిడకి పది వేళ్ళొచ్చు. ఇన్నాళ్ళు దాన్ని ముందేసుకుని కూర్చుని బొక్క కనబడలేదా? పంపేముందు ఒకసారి చూసిందో లేదో అడగండి. పోతే ఇద్దరం పోదాం."

పోతే ఇద్దరం పోదాం అన్నప్పుడు ఆయన తహానీ కళ్ళలోకే చూశాడు.

గోహరీ నెమ్మదిగా అడిగాడు. "ఏమ్మా, పంపేముందు చూశావా?"

హాజీ బదీర్ తస్బీ పూసలు లెక్కపెట్టడం ఆపేశాడు. చూడలేదు అంటే చాలు. నోట్లో ఆ మాట ఉంది కూడా. దాని వెనకే వదిన ఇంట్లో మూల మంచం ఉంది. కుర్చీయా నేనా అని అడిగిన మనిషి మందుల షాపు ముందు నిలబడి నవ్వడం ఉంది. అన్నింటికన్నా ముందు, తన కుర్చీకెదురుగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఈ ముసలాడున్నాడు.

"చూశాను," అంది తహానీ. "చూసే పంపాను బాబాయ్. నేను పంపినప్పుడు మూసే ఉంది. మెషీన్ దగ్గరికి వెళ్ళాక తీశాడు. ఇప్పుడు చలికాలమంటున్నాడు."

బర్హామ్ తెర వైపు చెయ్యి చాచి, దించేశాడు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు, ఆమెని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తారీఖు ఎక్కడుంటుందో, దాన్ని ఎలా తెరిచి చూపించాలో ఆయన రెండు వేళ్ళకి తెలియదు.

"ప్రమాణం చెయ్యగలవా అమ్మాయ్?" అన్నాడు గోహరీ.

ఆమె ఏమనేదో ఆమెకే తెలియదు. దియస్తీ అడ్డం పడ్డాడు. "ప్రమాణమెందుకు గోహరీ? దొంగ తనే ఒప్పుకున్నాక ఇల్లుగలావిణ్ణి ప్రమాణం చెయ్యమంటారా? నా కూతురి మంచం మీద తన పేరు చెక్కుకోడానికి కన్నం పెట్టాడు వీడు. ఇంకేం కావాలి?"

గోడ వారన అందరూ అవునన్నారు. గోహరీ తీర్పు చెప్పాడు. బర్హామ్ చెయ్యి ఈ ఊళ్ళో ఏ కార్ఖానాలోనూ ఇక పని ముట్టకూడదు. హాజీ బదీర్ కొత్త పలక చెక్కించి గురువారానికి ఇవ్వాలి. మళ్ళీ ఫాతిహా చదివారు, టీ గ్లాసులు చేతుల్లోకి తీసుకున్నారు. టీ చల్లారిపోయింది. తహానీ గ్లాసు మొత్తం తాగింది, చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు. బర్హామ్ టీ ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె మొగ్గని తిరిగి పెట్టింది, అంచులన్నీ కుట్టింది, అంకెని బిగించింది. పెట్టె ఇక ఒక్కసారీ అలగలేదు. ఎటునుంచి కోసినా కోయబడింది, దేనితో కలిపినా కలిసింది. కొత్త పలక మచ్చలేకుండా వచ్చింది. గురువారం డప్పులతో, లారీల మీద దియస్తీ గారి సామాను ఊరేగింది. హాజీ బదీర్ సందు మొదట్లో నిలబడి అందరికీ మషబ్బక్ పంచాడు. నువ్వు లేకపోతే మునిగిపోయేవాణ్ణి అమ్మా అన్నాడు.

ఆ మరుసటి వారం బర్హామ్ తన ఉలుల కోసం వచ్చాడు. హాజీ మొహం చాటేశాడు. మెషీన్ గదిలో కొత్త మనిషి ఉన్నాడు, వాడూ పక్కకి తప్పుకున్నాడు. బర్హామ్ ఉలుల్ని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకున్నాడు. తహానీ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయన పోతాడనుకుంది. పోలేదు. వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"నువ్వు చూళ్ళేదు," అన్నాడు మెల్లగా, ఎవరికీ వినబడకుండా.

"తీర్పయిపోయింది ఉస్తా. వెళ్ళు."

"కంప్యూటరు నాకు తెలవదు. పని చూసుకోకుండా పంపినోళ్ళ మొహం మాత్రం తెలుసు. మా ఉస్తాద్ ఎదురుగా నిలబడి, నేనూ ఓసారి ఆ మొహం పెట్టా. ఆయన అప్పుడు నన్నేం అనలా. ఆ మొహం పోడానికి నాకెన్నేళ్ళు పట్టిందో తెలుసా?"

"నీ సామాను తీసుకుని పో అన్నానా!"

"పోతన్నా. కుర్చీ నీదే. కూచో."

ఎగతాళి లేకుండా ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమెకి కొట్టినట్టనిపించింది. మూట చంకన పెట్టుకుని, చెక్కపొడి మీద చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"తహానీ! బొమ్మ పంపుతున్నావా?" మెషీన్ గదిలోంచి హాజీ కేకేశాడు. "పలక బిగించేశారు."

"పంపుతున్నా హాజీ."

తెర మీద కొత్త మంచం ఉంది. ఆమె ఆజ్ఞ ఇచ్చింది. బొమ్మ అన్ని వైపులా మూసే ఉందని జవాబు వచ్చింది. పంపే మీట మీద వేలు పెట్టి, తీసేసింది. మళ్ళీ అడిగింది. మూసే ఉంది. బొమ్మని తిప్పి, మెలిక కింద మొగ్గ దాకా వెళ్ళి, దగ్గరగా చూసి, మళ్ళీ అడిగింది.

"ఏంటమ్మా ఆలస్యం?"

"ఒక్క నిమిషం, చూస్తున్నా," అంది తహానీ, మళ్ళీ నొక్కింది.